కొంచెం కలుపు ఉండనివ్వండి

ఈ సలహాలు మా తమ్ముడికి నచ్చవు. వాడికి సింగరాయకొండకు పడమరగా నాలుగెకరాల చేను ఉంది. పొగాకు వేస్తాడు, మిరప వేస్తాడు, ధర ఊరించిన ఏడు పత్తి వేస్తాడు. "నువ్వు చెప్పినట్టు చేస్తే చేనూ పాడవుద్ది, పిల్లలూ పాడవుతారు. అన్నీ తలకిందుల మాటలే అక్కా" అంటాడు. వాడు చేను చేసేవాడు, నేను చేను వదిలి వచ్చినదాన్ని. వాడి మాటను తీసిపారేయలేను. అయినా రాస్తున్నాను, ఎందుకంటే తిన్నని సలహాలన్నీ ఇచ్చి చూశాం. బడిలో మందుమొక్కల తోటలు వేయించాం, గోడల మీద బొమ్మలు గీయించాం, పర్యావరణ దినం నాడు ఉపన్యాసాలు ఇప్పించాం. వాడి కూతురు ఇప్పుడు పదో తరగతి. కిరణజన్య సంయోగక్రియ సమీకరణం ఊపిరి తీసుకోకుండా అప్పజెప్తుంది. పోయిన కార్తీకంలో దొడ్లో గంగవావిలి చాపలాగా పరుచుకుని ఉంటే, దాని మీదుగా నడిచి వెళ్ళి, బజార్లో డబ్బులిచ్చి తోటకూర కట్టలు తెచ్చింది. తప్పు ఆ పిల్లది కాదు. ఆ ఆకును దానికి ఎవరూ చూపించలేదు. చూపించాల్సిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

చేలో కలుపంతా తీయకండి

మా అమ్మ కలుపు కూలికి పోయేది. తెల్లవారకముందే గిన్నె కట్టుకుని ముఠాతో బయలుదేరేది. బడి లేని రోజున మేమూ వెంటపడి గట్టు మీద కూర్చునేవాళ్ళం. కలుపు తీసే ఆడమనిషి చేతులను మీరు ఎప్పుడైనా గమనించారా? పెరికిన మొక్క పెరికినట్టే గట్టు మీదికి పోదు. కొన్ని గట్టు మీదికి పోతాయి, కొన్ని ఒడిలోకి పోతాయి. తుంగ గట్టు మీదికి, చెంచలి ఒడిలోకి. వయ్యారిభామ గట్టు మీదికి, చిలకతోటకూర ఒడిలోకి. గునుగు ముదిరిందైతే గట్టుకు, లేతదైతే ఒడికి. ఏది ఎటు పోతుందో చూస్తూ కూర్చోవడమే మా చదువు. ఎవరూ ఒక్క మాట చెప్పేవాళ్ళు కాదు. మధ్యాహ్నం అమ్మ ఇంటికొచ్చి ఒడి దులిపితే చాటలో నాలుగైదు రకాల ఆకు పడేది. దాన్ని ఏరడం మా పని. ఏరేటప్పుడు పొరపాటున ఇంకో ఆకు వస్తే అమ్మ తలెత్తకుండానే తీసి పక్కన పెట్టేది.

తర్వాత గడ్డిమందు వచ్చింది. ముఠా రెండు రోజులు వంగి చేసే పనిని ఒక మనిషి వీపున డబ్బా కట్టుకుని ఒక పూటలో ముగిస్తాడు. రైతును తప్పు పట్టను. కూలీలు దొరకరు, దొరికినా ఆ డబ్బు పొగాకు వేలంలో తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. నడుము వంచి బతికిన మా అమ్మలాంటి వాళ్ళకు ఆ నొప్పి తప్పడం మంచిదే. కానీ కలుపుతో పాటు గట్టు మీది బడి కూడా పోయిందని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. పిల్లలకు మొక్కలు తెలియకపోవడానికి ఫోను కారణమని అందరూ అంటారు. మా చేలల్లో ఫోను కంటే ముందే గడ్డిమందు వచ్చింది. చూసి నేర్చుకోవడానికి చేతులే లేకుండా పోయాక పిల్లలు దేన్ని చూస్తారు? గ్లైఫోసేట్ అనే గడ్డిమందు వాడకాన్ని కేంద్రం 2022 అక్టోబరులో పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. కాగితం మీద ఆ మాట ఉంది. చేలో పోయిన ఆకు కాగితంతో తిరిగి రాదు.

అందుకే అడుగుతున్నాను: రెండు సాళ్ళు వదిలేయండి. మొత్తం చేను కాదు. ఇంటికి దగ్గరగా ఉన్న గట్టు వారనో, బోరు నీళ్ళు పారే కాలవ పక్కనో, పశువుల మేతకు జొన్న చల్లిన మడిలోనో. అక్కడ మందు కొట్టకండి. కలుపును చేత్తో తీయండి, తీసేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి. గింజ పడకముందే కోసుకుంటే పక్క సాళ్ళకు పాకదు, మా తమ్ముడి భయం కూడా సగం తీరుతుంది. వదలకూడనివీ ఉన్నాయి. వయ్యారిభామను వదలకండి. పొగాకు వేళ్ళను పట్టి పీల్చే మల్లె అనే కలుపును అసలే వదలకండి, పూత రాకముందే తీసి చేను బయట కాల్చేయండి.

ఇక్కడ కచ్చితంగా ఒక మాట చెప్పాలి. పత్తి చేలో, మిరప చేలో మొలిచిన కూర వండకండి. అది చూడ్డానికి, గుర్తుపట్టడం నేర్పడానికి, అంతే. ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతులకు 1987-88 ఏళ్ళు గుర్తుండే ఉంటాయి. తెల్లదోమ మీద డబ్బాలకు డబ్బాలు మందు కొట్టి, అప్పులు తీరక, అదే మందు తాగి రైతులు చనిపోయిన ఏళ్ళవి. అంత మందు చూసిన నేల మనది. మందు పంట మీదే పడుతుంది, పక్కనున్న పొన్నగంటి మీద పడదు అని ఎవరూ చెప్పలేరు. వండే ఆకు దొడ్లోది కావాలి, మేత మడిలోది కావాలి. హైవే అంచున, రైలు కట్ట మీద, మురుగు కాలవ పక్కన ఎంత నవనవలాడినా వద్దు.

పేర్లు నేర్పకండి

కనీసం ముందు నేర్పకండి. తినిపించిన తర్వాత పేరు చెప్పండి.

పులిచింతాకు ఒక్కసారి నాలుక మీద పెట్టుకున్న పిల్ల దాన్ని జన్మలో మరచిపోదు. మూడు గుండెకాయల్లాంటి ఆకులు అని బొమ్మ గీసి చూపిస్తే పరీక్ష రాసిన సాయంత్రానికి మరచిపోతుంది. గంగవావిలిని కందిపప్పులో వేసి, చింతపండు సగానికి తగ్గించి, వెల్లుల్లి తాలింపు పెట్టి, వేడన్నంలో నెయ్యి వేసి కలిపి ముద్ద పెట్టండి. ఆకులో ఉన్న ఆ పులుపు, ఆ జిగురు నోటికి తెలియాలి. "ఇదేం కూర?" అని పిల్లే అడుగుతుంది. అడిగిన రోజున దొడ్లోకి తీసుకుపోయి చూపించండి. అడగకపోతే వారం ఆగి మళ్ళీ వండండి.

నల్లేరు పచ్చడి అయితే తినిపించడం కంటే చేయించడం మేలు. చేతులకు నూనె రాసుకోకుండా నల్లేరు కోస్తే దురద పడుతుంది. లేత కణుపులు మాత్రమే తీసుకోవాలి, నార తీసేయాలి, ఎర్రగా వేగించాలి, చింతపండు కాస్త ఎక్కువ పడాలి. ఏ ఒక్కటి తప్పినా గొంతు దురద. ఇంత పని ఉన్న పచ్చడిని ఒక్కసారి దగ్గరుండి నూరిన పిల్లకు కంచె మీద పాకే నల్లేరు తీగ ఇక మామూలు తీగలాగా కనిపించదు. బుడంకాయలూ అంతే. పచ్చివి చేదు, కొన్ని మరీ చేదు. కోసి, కాస్త కొరికి చూసి చేదువాటిని పక్కకు తీసి, మిగతావి ఉప్పు పట్టించి నులకమంచం మీద ఎండబెట్టేది అమ్మ. వానాకాలంలో ఆ వరుగులు నూనెలో వేగుతుంటే వీధి చివర ఉన్న పిల్లలు కూడా వచ్చి గుమ్మంలో నిలబడేవాళ్ళు.

పేరు చెప్పే వేళ వచ్చాక కూడా ఒకే పేరు చెప్పకండి. ఏది సరైన పేరు అని పిల్లలు తప్పక అడుగుతారు, బడి వాళ్ళకు అలా అలవాటు చేసింది. గంగవావిలిని పావిలికూర అనేవాళ్ళున్నారు, గంగపాయల అనేవాళ్ళున్నారు, గోళీకూర అనేవాళ్ళున్నారు. అన్నీ సరైనవే. పిల్ల చెవిన నాలుగు పేర్లూ పడనివ్వండి. రేపు ఆ పిల్ల పెళ్ళయి పల్నాడు పోయినా, చదువుకని హైదరాబాదు పోయినా, అక్కడి సంతలో అక్కడి పేరుతో అదే ఆకు ఎదురైతే పలకరించగలగాలి.

ఈ పేర్లకు విలువ లేదనుకుంటే ఒక్క సంగతి చెప్తాను. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండు వైద్యుడు 1781 నుంచి పదేళ్ళకు పైగా సామర్లకోటలో ఉండి మన తీరం మొక్కలను రాసుకున్నాడు. ఆయన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795 నుంచి లండన్లో అచ్చవుతూ వచ్చింది. ఆయన రాతల్లో లాటిన్ పేరు పక్కన తెలుగువాళ్ళు ఏమంటారో కూడా ఉంటుంది. మన సండ్ర చెట్టుకు ఆయన పెట్టిన శాస్త్రీయ నామంలోనే 'సండ్ర' ఉంది. ఆయనకు ఆ పేర్లు ఎవరు చెప్పి ఉంటారు? చెట్టు కింద పుల్లలేరుకునే మనిషో, పశువులు కాసే పిల్లవాడో, ఇంట్లో పనిచేసే ఆడమనిషో. వాళ్ళ పేర్లు ఆ పుస్తకంలో లేవు. వాళ్ళ మాట మాత్రం రెండు వందల ఏళ్ళు దాటి నిలబడి ఉంది.

ఫోను లాక్కోకండి

పిల్లల బుర్రలో చోటు లేదనే మాట అబద్ధం. 2002లో 'సైన్స్' పత్రికలో బ్రిటన్ పరిశోధకులు ఒక లెక్క ప్రచురించారు. అక్కడి బడిపిల్లలకు కొన్ని కార్డులు చూపించారు, సగం చుట్టుపక్కల ఉండే మొక్కలు, జంతువులు, సగం పోకెమాన్ బొమ్మలు. ఎనిమిదేళ్ళ పిల్లలు పోకెమాన్లలో 78 శాతం గుర్తుపట్టారు, తమ ఊరి జీవాల్లో 53 శాతమే. నాకు ఇందులో నిరాశ కనిపించలేదు. వందల బొమ్మలను రంగు చూసి, ఆకారం చూసి, పేరుతో సహా గుర్తుపెట్టుకోగల శక్తి ఎనిమిదేళ్ళ పిల్లకు ఉందని కదా తేలింది! మా అమ్మ కలుపులో వాడిన శక్తి కూడా అదే.

ఫోనుతో ఫొటో తీయనివ్వండి. ఒకే మొక్కను మొలకప్పుడు, పూతప్పుడు, గింజప్పుడు మూడుసార్లు తీయమనండి. ఆకు వెనక వైపు తీయమనండి, కాడ విరిచి తీయమనండి. వాళ్ళ నానమ్మ పక్కన కూర్చుని చెప్పే మాటలు రికార్డు చేయమనండి. ఆ గొంతు రేపు మనకు దొరకదు. ఒక్క పనికి మాత్రం ఫోనును నమ్మవద్దు. ఇది తినొచ్చా, తినకూడదా అన్న తీర్పు ఏ యాప్ చేతిలోనూ పెట్టకండి. అది ముందే వండి తిన్న మనిషి చెప్పాలి.

విషం ముందు నేర్పండి

ఈ సలహా విని మా మరదలు భయపడింది. అన్నం కంటే ముందు విషమేమిటి వదినా అంది. తినదగిన నలభై ఆకులు నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. చంపే ఐదారు మొక్కలు నేర్చుకోవడానికి ఒక్క సాయంత్రం చాలు. ఆ సాయంత్రం అయ్యాకే పిల్లల్ని బయట తిప్పండి.

పచ్చగన్నేరు. ఇళ్ళ ముందు, రోడ్ల మధ్య పసుపు పూలతో నిండుగా ఉంటుంది. దాని గింజ గుండెను ఆపుతుంది. ఎర్రగన్నేరు, తెల్లగన్నేరు కూడా అంతే, ఆకుతో సహా. ఉమ్మెత్త కాయ ముళ్ళబంతిలాగా ఉంటుంది, గింజ తింటే మతి చెడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. గురివింద గింజ అందంగా ఉంటుంది కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. ఆముదం గింజ, అడవి ఆముదం గింజ చూడ్డానికి పప్పులాగా ఉంటాయి. అడవి ఆముదం గింజలు తిని బడిపిల్లలు వాంతులతో ఆసుపత్రి పాలయ్యారన్న వార్త తెలుగు పేపర్లో మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. ఒక్కో చెట్టు దగ్గర నిలబెట్టి చూపించండి. ముట్టుకున్నాక చేతులు కడిగించండి.

తర్వాత సగం మంచివి, సగం చెడ్డవి. కామంచి కాయ నల్లగా పండితే పిల్లలు తింటారు, పచ్చిది తినకూడదు. నాగజెముడు పండు ఎర్రగా తీపిగా ఉంటుంది, కానీ దాని సన్నని ముళ్ళు నాలుకలో దిగితే రెండు రోజులు అన్నం తినలేరు. మేము ఆ పండును నేల మీద వేసి వేపకొమ్మతో దొర్లించి, ముళ్ళన్నీ పోయాకే చీల్చేవాళ్ళం. ఇక తెలియని ఆకును రుచి చూసి కనుక్కోవడం అనే పని ఎవరూ చేయకూడదు, పెద్దవాళ్ళు కూడా. నోటికి పరిచయం చేయండి అని పైన చెప్పింది ఇంట్లో తెలిసినవాళ్ళు వండిన కూర గురించి. పొరపాటు జరిగితే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించే ప్రయత్నాలు మానేసి 108కి ఫోను చేయండి. తిన్న ఆకో గింజో కొంచెం సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెంట తీసుకుపోండి. డాక్టరుకు అది పది మాటల కంటే ఎక్కువ చెప్తుంది.

ఇది మందని చెప్పకండి

పొన్నగంటి కళ్ళకు మంచిది, గలిజేరు మూత్రపిండాలకు మంచిది, మునగాకు అన్నిటికీ మంచిది. పెద్దవాళ్ళు ఫోన్లలో ఒకరికొకరు పంపుకునే మాటలివి. పదిహేనేళ్ళ పిల్ల చెవికి అవి ఎలా వినిపిస్తాయో ఆలోచించండి. జబ్బు ఉన్నవాళ్ళు తినేది అని వినిపిస్తుంది. నాకు జబ్బు లేదు కదా అనుకుంటుంది, న్యాయమే. ఇంకో నష్టం కూడా ఉంది. మందన్నాక కొలత పోతుంది. గిన్నెడు కూరగా తినాల్సినదాన్ని గ్లాసుల కొద్దీ పసరు చేసి తాగుతారు. గంగవావిలిలో, తోటకూరలో, పొన్నగంటిలో ఆక్జలేట్లు ఉంటాయి, కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు వాటిని మితంగా తినాలి. కూర కూరలాగా ఉన్నంతకాలం ఆ బాధ రాదు.

పోషకాల లెక్కలు కావాలన్నవాళ్ళకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 రకాల ఆహారాలకు పట్టికలు వేసింది. చదువుకోండి. అన్నం దగ్గర మాత్రం ఆ మాట ఎత్తకండి. అన్నం దగ్గర చెప్పాల్సింది ఒక్కటే: ఇవాళ పప్పు కుదిరింది.

పేదల కూరేనని ఒప్పుకోండి

అన్నిటికంటే కష్టమైన సలహా ఇదే. నాకు కూడా.

బతికుంటే బలుసాకు తినొచ్చు అని మనకో సామెత ఉంది. చాలామంది పిల్లలు దాన్ని తెలుగు వాచకంలో చదివి అర్థం రాస్తారు. బలుసు ఏదని అడిగితే చెప్పలేరు. వాళ్ళ మాస్టర్లు కూడా చెప్పలేరు. ముళ్ళపొద అది, ఎదురెదురుగా చిన్న ఆకులు, పసుపుపచ్చని బుల్లి పళ్ళు. వరాహ నరసింహస్వామి కొండ వెనక మా చిన్నప్పుడు ఆ పొదలు గుంపులుగా ఉండేవి. సామెత నవ్వులకు పుట్టింది కాదు. నందన కరువు, 1832-33, గుంటూరు జిల్లా జనంలో దాదాపు మూడో వంతును మింగేసింది. ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు, 1876-78, దక్షిణాదిని కుదిపేసింది. గింజ లేని రోజుల్లో ఆకు తిని బతికినవాళ్ళ పిల్లలం మనం. ఆ సామెత వాళ్ళు బతికి బయటపడ్డామని చెప్పిన మాట.

ఆ ఆకు వెంట ఆ ఆకలి కూడా వచ్చింది. అమ్మ ఒడిలో కూర తెచ్చేది రుచి కోసం కాదు, కూరగాయలు కొనే డబ్బు లేక. ఇంటికి చుట్టాలొస్తే చెంచలి కూర గిన్నె మూత పెట్టి అటక కిందికి జరిపేది. నేను కాలేజీకి పోయిన ఏడాది క్యారేజీలో తుమ్మికూర పప్పు పెడితే, పక్కనున్న అమ్మాయిలు చూస్తారని తినకుండా తిరిగి తెచ్చాను. అమ్మ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి బంగాళాదుంప వేపుడు పెట్టింది. ఆ దుంపలకు డబ్బు ఎక్కడి నుంచి తెచ్చిందో నేను అప్పుడు అడగలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఏరుకొచ్చిన కూరలు ఒక్కొక్కటే తగ్గాయి. గడ్డిమందు చేలో చేసిన పని ఇంట్లో నా సిగ్గు చేసింది.

ఇప్పుడు పట్నాల్లో ఇవే ఆకులు వెదురుబుట్టల్లో పెట్టి సేంద్రియం అని అమ్ముతున్నారు. అమ్మనివ్వండి. పిల్లలకు మాత్రం పాతకాలం స్వర్గమని చెప్పకండి, వాళ్ళు నమ్మరు, అది నిజం కూడా కాదు. ఇది కలుపు కూలీల కూర, ఆకలి కాలంలో నిలబెట్టిన కూర, దీన్ని వండడం తెలిసినందువల్లే నువ్వు ఇవాళ ఇక్కడ ఉన్నావు అని చెప్పండి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు ఆ సిగ్గును దాటారు. సాగు చేయని కూరలను తమ చేల ఆస్తిగా లెక్క చెప్పారు. ఏటా సంక్రాంతి నాడు మొదలుపెట్టి పాతపంటల జాతర జరిపి బండ్ల మీద విత్తనాలు ఊరూరా తిప్పారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ళు ఈ కూరల గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించరు. మన తీరంలో అలాంటి గొంతు ఇంకా లేవాల్సి ఉంది.

చవితికి పత్రి కొనకండి

వినాయక చవితి ముందురోజు సాయంత్రం రోడ్డు పక్కన పత్రి కట్టలు పెట్టి అమ్ముతారు. ఆ కట్టలో ఏ ఆకు ఉంటే అది. ఇరవై ఒక్క పత్రి పూజ మన పెద్దవాళ్ళు పెట్టిన మొక్కల పరీక్షలాంటిది. సంస్కృతం పేరు చదవాలి, తెలుగు మొక్క తేవాలి. బృహతి అంటే వాకుడు, అపామార్గం అంటే ఉత్తరేణి, బదరి అంటే రేగు, సింధువారం అంటే వావిలి. అందులోనే ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు కూడా ఉన్నాయి. దేవుడికి పెట్టేది, మనిషి తినకూడనిది అని ఒకే పూటలో రెండు పాఠాలు. దొరికినన్నే తెండి. పదకొండే దొరికితే పదకొండే పెట్టండి. దేవదారు మన నేలలో దొరకదు, దాని పేరు మీద అశోక కొమ్మ కొనుక్కోవద్దు, లేదని పిల్లలకు చెప్పండి. తిరిగొచ్చే దారిలో తుమ్మి మొక్క కనిపిస్తే నాలుగు కొమ్మలు తుంచుకురండి, చాలా ఇళ్ళల్లో చవితికి తుమ్మికూర వండడం ఇంకా ఉంది.

ఆడపిల్లల్ని ఎండలో తిరగనివ్వండి

మా తరం మగపిల్లలకు రేగుచెట్లు తెలుసు, ఈతచెట్లు తెలుసు, సీమచింత గుబ్బల కోసం ఎవరి దొడ్డి గోడ ఎక్కాలో తెలుసు. మాకు కలుపు వల్ల ఆకులు తెలిశాయి. ఇప్పుడు కలుపు పోయింది, ఆడపిల్లలను బయట తిరగనివ్వడమూ పోయింది. బడి ఆటో, ఇల్లు, ట్యూషను. మగపిల్లలకు క్రికెట్టన్నా ఉంది. తిరగడానికి చోటు కూడా తగ్గిపోయింది నిజమే. డొంకలు ప్లాట్ల మధ్య కలిసిపోయాయి. మిగిలిన బీళ్ళను సర్కారు తుమ్మ ఆక్రమించింది. 1870లలో కడప ప్రాంతంలో వంటచెరకు కోసం నాటిన చెట్టు, ఇవాళ దాని నీడన ఇంకేదీ మొలవనివ్వదు.

అయినా మిగిలిన చోట్లున్నాయి. మన్నేరు గట్టు ఉంది. పాకల వైపు ఇసుకలో తాడిచెట్లున్నాయి, చలికాలంలో తేగలు తవ్వుతారు, పిల్లల్ని తీసుకుపోయి తవ్వించండి. సముద్రం దగ్గరి ఉప్పునేలల్లో ఇలకూర మొలుస్తుంది. ఆకు నోట్లో పెట్టుకుంటే ఉప్పగా ఉంటుంది. దాన్ని ఉడికించి, ఆ నీళ్ళు వంచేసి, పప్పులో వేస్తారు, విడిగా ఉప్పు వేయరు. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్లకు ఆ ఒక్క కూర తెలియకుండా పెళ్ళి చేయకూడదని నా పట్టుదల. నలుగురు పిల్లలను కలిపి పంపండి, తెలిసిన పెద్దమ్మ ఒకరు వెంట ఉంటే చాలు. రంగు తగ్గుతుందని ఆపకండి.

తప్పు ఆకు తెస్తే తిట్టకండి

ఈ మధ్య మా మేనకోడలు తనంతట తనే దొడ్లోకి పోయింది. పళ్ళెంలో గంగవావిలి కోసుకొచ్చి మా అమ్మ ముందు పెట్టింది. అమ్మకు ఎనభై దాటాయి, రెండు కళ్ళకూ పొర. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఒక్కో కొమ్మను వేళ్ళతో తడిమి చాటలోకి వేస్తోంది. కాడ మందం చూసుకుంటోంది, ఆకు కొసన రుద్దుతోంది. పదో పన్నెండో వేసి ఒక దగ్గర ఆగింది. ఆ కొమ్మ సన్నగా ఉంది, నేలకు అంటుకుని పాకే రకం, పైకి చూస్తే మాకు తేడా తెలియలేదు. అమ్మ గోటితో కాడ విరిచింది. తెల్లగా పాలు బయటికొచ్చాయి.

"ఇది నానబాలే బుజ్జీ. గంగవావిలికి పాలు రావు" అంది.

పిల్ల ముఖం చిన్నబోయింది. తమ్ముడు అరుగు మీద నుంచి ఏదో అనబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. పిల్ల పళ్ళెంలోంచి ఇంకో కొమ్మ తీసి తనే విరిచింది. పాలు రాలేదు. ఇంకొకటి విరిచింది, రాలేదు. అలా పళ్ళెం అంతా విరుచుకుంటూ పోయింది. చివర్లో ఇంకొకటి దొరికింది, పాలు కారుతున్నది.

"నానమ్మా, ఇదిగో" అని అమ్మ చేతిలో పెట్టింది.

అమ్మ దాన్ని తడిమి చూసి గట్టు మీదికి విసిరినట్టే వాకిట్లోకి విసిరేసి, "ఎక్కడ కోశావు? బోరు పక్కనా? అక్కడ ఇంకా ఉండాలే, పా, చూపిస్తాను" అని చేతికర్ర కోసం తడుముకుంది.